నేను వినని ఎడమ పక్క

పాట విని బాగుందో లేదో చెప్పినందుకు జీతమిచ్చేవాళ్లు ఉంటారంటే మా ఆవిడ ఇప్పటికీ నమ్మదు. నాకు నాలుగేళ్లు ఇచ్చారు. ఇబ్రహీంపట్నం బస్టాండుకు ఎదురుగా, కింద ఎరువుల దుకాణం, పైన టైలరు ఉన్న బిల్డింగులో, మధ్య అంతస్తు నెట్ సెంటర్లో ఆ ఉద్యోగం చేశాను. ఆ తర్వాత ఒక ఇంజినీరింగ్ కాలేజీ లైబ్రరీలో చేరి, పుస్తకాలు ఇస్తూ పుచ్చుకుంటూ రిటైరయ్యాను. లైబ్రరీ గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. అక్కడ నా వల్ల ఎవరికీ చెడు జరగలేదు. నెట్ సెంటర్లో జరిగింది.

ఫోన్లో పాట మొదలై పావు నిమిషం కాకముందే ఐదుకు ఇన్నని చుక్కలు పెట్టి, నాలుగు ముక్కలు రాసి పదిమందికి పంపే పిల్లల కోసం ఇది రాస్తున్నాను. మిమ్మల్ని తిట్టడానికి కాదు. ఆ పని మీకంటే ముందు మొదలుపెట్టింది మేమే, పైగా జీతం తీసుకుని.

అంతకు ముందు నాది క్యాసెట్ల దుకాణం. జనం కాగితం మీద పాటల పేర్లు రాసుకుని వచ్చేవాళ్లు, నేను ఖాళీ క్యాసెట్టులోకి ఎక్కించి ఇచ్చేవాణ్ని. ఎక్కించేవాణ్ని అంటే ఊరికే కాదు. "గీ పాట తీసెయ్, దీనెనుక గిది పెడ్త, మంచిగుంటది" అని లిస్టు నేనే మార్చేవాణ్ని. ఒక్కడూ ఎదురు చెప్పలేదు. పెళ్లి ఊరేగింపుకు ఏ పాట తర్వాత ఏ పాట రావాలో మంచాల మండలం నుంచి యాచారం దాకా నన్నే అడిగేవాళ్లు. ఇరవై ఏళ్లు అలా నడిస్తే ఎవడికైనా పొగరు పడుతుంది. నాకు కాస్త ఎక్కువే పట్టింది. నా చెవికి తిరుగులేదని నేను నిజంగా నమ్మాను.

తర్వాత ఒకే సీడీలో నూరు పాటలు దొరికే రోజులొచ్చి నా షట్టరు దించేశాయి. అవి మా ప్రాంతం ఉన్నట్టుండి మారిపోతున్న రోజులు. రింగురోడ్డు కోసం కొలతలు తీస్తున్నారు, జొన్న చేలల్లో ప్లాట్ల రాళ్లు పాతుతున్నారు, సాగర్ రోడ్డు పొడుగునా ఇంజినీరింగ్ కాలేజీలు. పొద్దున పూట బస్సుల్లో కాలు పెట్టే చోటు ఉండేది కాదు. ఆ పిల్లలందరికీ నెట్ కావాలి. చిన్నప్పుడు నా దగ్గర క్యాసెట్లు కొన్న కుర్రాడొకడు ఆ నెట్ సెంటరు పెట్టాడు, దానితోపాటు పాటల సైటు కూడా మొదలుపెట్టాడు. కొత్త పాటలు ఎలా ఉన్నాయి, ఈ వారం ఏవి వినాలి, ఏ ఆడియో కంపెనీ పని అయిపోయింది, ఎవరి బాణీని ఎవరు ఎత్తేశారు, ఇవన్నీ అందులో ఉండేవి. చదివేవాళ్లు కూడా కింద రాయొచ్చు. రాసేవాళ్లు, తిట్టుకునేవాళ్లు, మళ్లీ పొద్దున్నే వచ్చేవాళ్లు. పట్నంలో ఆడియో కంపెనీలవాళ్లు కూడా మా సైటు చూస్తున్నారని తెలిసిన రోజు మా ఓనరు తన ప్లాస్టిక్ కుర్చీ పడేసి చక్రాల కుర్చీ తెచ్చుకున్నాడు.

నన్ను పిలిచి అడిగినప్పుడు నాకు టైపు రాదన్నాను. "నువ్వు నోటితోని చెప్పన్నా, కొట్టేటందుకు మనిషిని పెట్టిన" అన్నాడు.

ఆ మనిషి మంచాల దగ్గరి ఊరి అమ్మాయి. డిగ్రీ అయింది, తెలుగు టైపు గడగడా కొట్టేది. నేను చుక్కలిచ్చి, అభిప్రాయం చెప్తే ఆమె కొట్టాలి. నా పని నడుస్తుండగానే పాటలోని మాటలు విని అవి కూడా కొట్టాలి. సెంటర్లో స్పీకరు పెడితే పిల్లలు గొడవ చేస్తారు. చెవుల్లో పెట్టుకునే తీగలు ఒక్క జత ఉండేది. ఇద్దరం ఒకే పాటను ఒకేసారి వింటే సమయం కలిసొస్తుందని చెరొకటి పెట్టుకునేవాళ్లం. కుడి తీగ నాకు, ఎడమ తీగ ఆమెకు. ఓనరు రెండో జత కొంటానంటే నేనే వద్దన్నాను. మంచిగనే నడుస్తున్నది గద, ఎందుకు అన్నాను.

నిజంగానే బాగా నడిచింది. సినిమా పాటల్లో గొంతు రెండు పక్కలా సమానంగా వస్తుంది. ఒక్క చెవితో విన్నా పోయేది పెద్దగా ఏముండదు. రెండేళ్లు అలాగే విన్నాం. ఆ రెండేళ్లలో పట్నంలో ఉన్న ఇంకో సైటుకూ మాకూ ఒకటే పోటీ, ఎవరి అభిప్రాయం ముందు బయటికొస్తుందని. పాటలు చేతికందిన గంటలో పెట్టెయ్యాలనేది మా ఓనరు కట్టడి. గంటలో పెట్టేవాళ్లం.

ఇక అసలు సంగతికొస్తాను.

యాచారం దాటాక ఒక ఊళ్లో చేపలు పట్టే ఇంటివాడు ఒకతను ఉండేవాడు. నాకంటే పదేళ్లు చిన్న. నాట్ల సమయంలో గట్టు మీద నిలబడి పాట అందుకునేవాడు, మళ్లలో ఆడవాళ్లు జవాబు పాడేవాళ్లు. నా దుకాణం ఉన్నప్పటి నుంచీ ఎరుక. ఆ పాటలన్నీ రికార్డు చేయించాలని అతని పట్టుదల. పాతికేళ్లలో నాట్లు ఉండవు, నాట్లు లేకపోతే పాట ఉండదు అని అందరికీ చెప్పేవాడు. చివరికి ఊళ్లో నాటేసే ఆడవాళ్లను ఐదుగురిని జీపెక్కించి ఎల్బీనగర్ పక్క ఒక చిన్న స్టూడియోకు తీసుకుపోయాడు. ఆ ఐదుగురికీ పెద్ద ఒక ముసలమ్మ. పాటలన్నీ ఆమెవే. ఆమెకు వచ్చిన పాటల్లో ఆ రోజు ఎక్కించింది ఎనిమిదే, ఇంకా నలభై దాకా ఉన్నాయని అతను చెప్పాడు.

సీడీ తెచ్చి నా చేతిలో పెట్టాడు. "పట్నంల కంపెనీ ఆయన నడిగిన అన్నా. మీ సైటుల ఏమి రాస్తరో చూసి, మంచిగుంటె బయటికి తెస్తనన్నడు. గది అయితే మిగిలిన పాటలు సుత ఎక్కిస్తడట. అవ్వ మాత్రం ఎన్నాళ్లుంటది చెప్పు?"

"ఆడోళ్లు విన్నరా?" అని అడిగాను.

"ఇంకా వినలే. సీడీ బయటికొచ్చిననాడు అందర్ని ఒక్కకాడ కూసోబెట్టి వినిపిస్త" అన్నాడు. మెట్లు దిగబోతూ ఆగి, "దీంట్ల ఒక కొత్త పని జేయించిన. నీ చెవికి చెప్పాల్నా, విన్నంక నువ్వే చెప్తవ్" అని నవ్వాడు. చెప్పి ఉంటే ఎంత బాగుండేది! నా చెవి మీద నాకున్నంత నమ్మకమే అతనికీ ఉంది. అదే మా ఇద్దర్నీ ముంచింది.

ఆ సీడీ వినాల్సిన రోజే ఒక పెద్ద సినిమా పాటలు వచ్చాయి. ఓనరు నా వెనకే నిలబడి ముందు అది కానిమ్మని తొందర. దాని గోల అయ్యాక మిగిలిన అరగంటలో నాట్ల పాటలు పెట్టాం. పెద్ద సినిమా మీద రాసీ రాసీ నాకు అప్పటికే తల వేడెక్కి ఉంది.

మొదటి పాటలో అతను గొంతెత్తి "ఏ ఊరికి పోతివే మబ్బూ" అని అడిగాడు. తర్వాత డప్పు. ఇంకేం లేదు, ఒట్టి డప్పు దెబ్బలు. మళ్లీ అతనే ఇంకో ప్రశ్న. మళ్లీ ఒట్టి డప్పు. రెండో పాట అంతే. మూడోది అంతే. ఐదుగురు ఆడవాళ్లను జీపులో తీసుకుపోయానన్నాడు గదా, వాళ్లేరీ అనుకున్నాను. స్టూడియోవాడు తీసేశాడేమో అనుకున్నాను. అలా అనుకున్నవాణ్ని ఫోన్ చేసి అడగొచ్చు. అడగలేదు. చెప్పడం మొదలుపెట్టాను.

అప్పుడు నేను చెప్పిన వాక్యం ఇది: "అడుగుతూ పోయే పాటలివి. జవాబివ్వాల్సిన ఆడవాళ్లు మాత్రం ఇంకా పొలం నుంచి వచ్చినట్టు లేరు."

ఆ అమ్మాయి వేళ్లు ఆగిపోయాయి. "అన్నా, ఆడోళ్లు పాడుతున్నరు గద" అంది.

"యాడ పాడుతున్నరు? నాకైతే వినబడుతలేదు."

"మస్తు పాడుతున్నరన్నా. నాకు ఆళ్లే వినబడుతున్నరు."

మామూలు మనిషి అయితే ఆ మాటకు తన చెవిలోది తీసి ఆమె చెవిలోది పెట్టుకుని చూస్తాడు. అర నిమిషం పని. నేను మామూలు మనిషిని కాదు గదా, ఇరవై ఏళ్లు పాటలెక్కించినవాణ్ని. "ఇరవై ఏండ్ల సంది వింటున్న. నువ్వు నాకు నేర్పకు. నేను చెప్పింది కొట్టు" అన్నాను. గట్టిగానే అన్నాను. పక్క కంప్యూటర్ల పిల్లలు తలలు తిప్పి చూశారు. ఆమె మొహం ఎర్రబడింది. తల వంచుకుని కొట్టింది. ఐదు చుక్కలకు రెండిచ్చి సైటుకు ఎక్కించాం.

నా వాక్యం ఎక్కడెక్కడికో పోయింది. కింద రాసేవాళ్లు దాన్ని ఎత్తి రాసి నవ్వారు. వేరే చర్చల్లో పెట్టారు. ఎవరి పాటలో కోరస్ బాగాలేకపోయినా, ఆడవాళ్లు పొలం నుంచి రాలేదు అనడం ఒక అలవాటయింది. వాళ్లలో ఒక్కరూ ఆ పాట వినలేదు, వినే దారే లేదు. సీడీ ఇంకా బయటికి రాలేదు. ప్రపంచంలో ఆ పాట గురించి ఉన్న మాట నాది ఒక్కటే. ఓనరు సంతోషం పట్టలేక అందరికీ మిర్చి బజ్జీలు తెప్పించాడు. నేను కూడా తిన్నాను. ఆ అమ్మాయి ఉపవాసమని తినలేదు. ఆ రోజు ఏ ఉపవాసమో నేను అడగలేదు.

వారం తర్వాత అతను వచ్చాడు. తిడతాడనుకున్నాను. తిడితే జవాబు చెప్పడానికి నాలుగు మాటలు సిద్ధం చేసుకుని ఉన్నాను కూడా. అతను తిట్టలేదు. స్టూలు మీద కూర్చుని నీళ్లు అడిగి తాగాడు.

"అన్నా, నువ్వు మా ఆడోళ్లను విన్నవా లేదా?"

"నువ్వు పెట్టిస్తె గద వినేది" అన్నాను.

 అతను లేచి, బల్ల మీద ఉన్న తీగల జత తీసుకుని, కుడిది ఎడమది రెండూ నా చెవుల్లో తానే పెట్టాడు. ఆ అమ్మాయి ఎవరూ చెప్పకుండానే పాట నొక్కింది.

కుడి పక్క అతను "ఏ ఊరికి పోతివే మబ్బూ" అన్నాడు. ఎడమ పక్క ఐదుగురు ఆడవాళ్లు ఒక్కసారిగా "మీ ఊరి ముందరే ఆగితీ" అన్నారు.

నా ఒళ్లు జలదరించింది. ఇప్పుడు రాస్తుంటే కూడా అదే. గట్టు మీద నిలబడి ఒకడు అడిగితే మడిలోంచి జవాబు రావడం ఎలా ఉంటుందో అచ్చం అలాగే ఉంది. మధ్యలో నీళ్లున్నట్టు, వంగిన నడుములున్నట్టు ఉంది. అందరికంటే ముందు అందుకుంటున్న ఒక ముసలి గొంతు, సన్నగా, జంకు లేకుండా. స్టూడియోవాడు అలా చేయొద్దంటే తానే పట్టుబట్టి తన గొంతు ఒక పక్క, వాళ్ల గొంతులు ఒక పక్క పెట్టించానని అతను చెప్పాడు. అదే అతను చేయించిన కొత్త పని. నా చెవికి చెప్పనక్కర్లేదనుకున్న పని.

తీగలు తీసి బల్ల మీద పెట్టాను. ఆ అమ్మాయి నా వైపు చూడలేదు. నేను చెప్పిన గద అని ఒక్క మాట అన్నా బాగుండేది.

"అయ్యిందేదో అయ్యింది, కంపెనీ ఆయనకు నేను చెప్త" అన్నాను.

"కంపెనీది తర్వాత అన్నా. ఇంటికాడ నిప్పు పడ్డది" అన్నాడతను.

ఆ ఐదుగురిలో ఒకామె బిడ్డ మా పక్క కాలేజీలోనే చదువుతోంది. నేను రాసింది అచ్చు తీయించుకుని పోయి ఊళ్లో చదివి వినిపించింది. పాటల్లో ఆడవాళ్లే లేరని సైటులో రాశారంటే వాళ్లకు ఒకటే అర్థమైంది. పొద్దంతా పాడించుకుని, తమ గొంతులు కోసేసి, తన గొంతొక్కటే ఉంచుకుని పట్నం పంపాడని. అతను పరుగున ఇంకో సీడీ తెచ్చి వినిపించాడు. నలుగురు విన్నారు. విని ఏమన్నారంటే, "గిది మాకోసం వేరే జేయించినవ్. కంపెనోళ్లకు పంపింది వేరే." ముసలమ్మ అసలు వినలేదు. తలుపు వేసుకుంది.

"నేనేం చెప్పినా నమ్ముతలేరన్నా. నమ్మితే నీ మాటనే నమ్ముతరు. కంపెనీకి పంపిందే నీకిచ్చిన, దాంట్ల ఏమున్నదో చెప్పేటోనివి నువ్వొక్కనివే. జర మా ఊరికి రా. అవ్వ ముందట నిలబడి, తప్పు నాదే, నేను ఒక్క చెవితోనే విన్న అని చెప్పు. గంతే. ఇంకేమొద్దు."

"సైటుల సవరణ పెడ్త" అన్నాను.

"ఆళ్లు సైటు చూస్తరా అన్నా? అవ్వకు చదువు రాదు."

వెనక నుంచి ఓనరు సైగ చేస్తున్నాడు. అతన్ని కిందికి పంపాక నన్ను పట్టుకున్నాడు. "ఒక్క చెవితోని వింటమని ఊరూరికి పోయి చెప్తవా అన్నా? మన మాట ఎవ్వడన్న చదువుతడా ఇంకా?" అన్నాడు. అతని భయం అతనిది. నేను తప్పు అతని మీద తోయను. ఎందుకంటే అతను ఆ మాట అన్నప్పుడు నాకు లోపల హాయిగా అనిపించింది. నాకు కావలసిన సాకు అతనే ఇచ్చాడు.

అయినా కిందికి దిగి, ఆదివారం వస్తానని అతనికి మాటిచ్చాను. ఆదివారం బస్సెక్కాను కూడా. ఆ ఊరి స్టేజీ దగ్గర దిగాను. ఎదురుగా చాయ్ హోటలు. గొంతు తడుపుకుని పోదామని కూర్చున్నాను. బెంచీ మీద నలుగురు మగవాళ్లు మాట్లాడుకుంటున్నారు. నేను ఎవరో వాళ్లకు తెలియదు.

"ఆడోళ్ల తోని పాడిచ్చుకోని పేరు తాను కొట్టేద్దమనుకున్నడు."

"గంత మోసగాడని నేను అనుకోలే."

"రాసినాయన జాగల నేనుంటె ఇంకా గట్టిగ రాద్దును."

ఒకడు నా వాక్యం నోటికి చెప్పాడు, పొలం నుంచి ఇంకా రాలేదు అని. అందరూ నవ్వారు. నవ్వుతూ ఒకతను నా వైపు తిరిగి, "ఎట్లున్నది పెద్దాయినా, మంచిగ రాసిండు గద?" అన్నాడు.

ఆ క్షణంలో నోరు తెరిస్తే చాలు. రాసింది నేనే, తప్పు నాదే, అతను మంచివాడు అని మూడు మాటలు. అక్కడి నుంచి ముసలమ్మ ఇల్లు కనబడేంత దూరం. నాకు అవమానం అనిపించింది. నలుగురు పనిలేని మగవాళ్ల ముందు నా చెవి పరువు పోతుందని భయపడ్డాను. దీనికి ఇంకో పేరు పెట్టి మీకు చెప్పలేను. "మంచిగ రాసిండు" అన్నాను. ఎదురు బస్సు వస్తే ఎక్కి ఇబ్రహీంపట్నం వచ్చేశాను.

సోమవారం ఆ అమ్మాయి అడిగింది. "పోయినవా అన్నా?"

"పోయిన."

"ఏమన్నది అవ్వ?"

నేను ఆ రోజు వినాల్సిన పాటల లిస్టు ముందుకు లాక్కున్నాను. ఆమెకు అర్థమైంది. "సవరణ అన్న చెప్పు, కొడ్త" అంది. నాలుగు వాక్యాలు చెప్పాను. పొరపాటున ఒక పక్క మాత్రమే వినడం జరిగిందని, పాటల్లో ఆడవాళ్లున్నారని, చుక్కలు నాలుగుకు మార్చామని. ఓనరు దాన్ని పేజీ అడుగున చిన్న అక్షరాల్లో పెట్టించాడు. కింద ఇద్దరు ముగ్గురు వెటకారం చేశారు, అంతే. నా వెటకారాన్ని వందలమంది ఎత్తుకుపోయారు గానీ నా సవరణను ఒక్కరూ ఎత్తుకుపోలేదు. ఆ నెలాఖరుకు ఆ అమ్మాయి పట్నంలో వేరే ఉద్యోగం చూసుకుని వెళ్లిపోయింది. పోయేటప్పుడు ఓనరుకు చెప్పింది గానీ నాకు చెప్పలేదు.

కంపెనీ ఆయన, పాపం, సవరణ చదివాడట. ఆడవాళ్లతో వేదిక మీద పాడించి సీడీ విడుదల చేద్దామని పిలిచాడట. ఐదుగురిలో ఒక్కరూ రామన్నారు. మోసగాడితో పాడమన్నారు. మనుషులే రాని పాటలు నాకెందుకని ఆయన వదిలేశాడు. మిగిలిన నలభై పాటలు ఎక్కించే మాట అక్కడితో అయిపోయింది. తర్వాతి ఏడాది ఆ ఊరి మళ్లు కూడా ప్లాట్లయ్యాయి. గట్టు మీద పాడినతను కొంగరకలాన్ పక్క ఇళ్లు కట్టే చోట నీళ్ల ట్యాంకరు నడుపుతున్నాడని ఎవరో చెప్పారు. ఒకసారి సాగర్ రోడ్డు మీద చూశాను. ట్యాంకరు ఆపి చెయ్యెత్తి పలకరించాడు. నేను చెయ్యూపి పక్క సందులోకి తిరిగాను. పలకరించకుండా పోయినా ఇంత బాధ ఉండేది కాదు.

సైటు ఇంకో రెండేళ్లు నడిచి మూతబడింది. నేను లైబ్రరీకి పోయాను. ఆ సీడీ మాత్రం నా దగ్గరే, బీరువాలో ఉండిపోయింది. అతను అడగలేదు, నేను ఇవ్వలేదు.

రిటైరయ్యాక మా కోడలు ఫోన్లో ఏదో చూసి పడీ పడీ నవ్వుతుంటే ఏమిటని అడిగాను. ఎవరిదో కొత్త పాట గురించి ఎవరో రాశారు: జవాబివ్వాల్సిన ఆడవాళ్లు ఇంకా పొలం నుంచి రాలేదట. ఎవరు మొదట అన్నారో రాసినవాడికి తెలియదు, నవ్వినవాళ్లకు తెలియదు. "మంచిగ రాసిండు గద మామా?" అంది మా కోడలు.  తెల్లారి సీడీ సంచిలో వేసుకుని, రెండు స్పీకర్ల పాత ప్లేయరు పట్టుకుని బయల్దేరాను.

ఆ ఊళ్లో అతని ఇంటి ముందు అతని భార్య బియ్యం ఏరుతోంది. నేనెవరో చెప్పాను. ఆమె చేట పక్కన పెట్టింది గానీ లేవలేదు. రెండు వానాకాలాల కింద పోయాడట. కడుపులో గడ్డ. దవాఖానకు పోయేసరికే ఆలస్యమైందట. నేను సీడీ తీసి ఆమె చేతికివ్వబోయాను.

"నాకెందుకది? నేను ఆయనను నమ్మకపోతినా?" అంది. "అవ్వకు వినిపియ్యి. ఆయన నిన్ను అడిగింది గదొక్కటే గద."

ముసలమ్మ ఇప్పుడు ఆ ఊళ్లో లేదు. భూమి పోయాక మనవడు హయత్‌నగర్ కాలనీలో ఇల్లు కట్టాడు, అక్కడికి తీసుకుపోయాడు. మధ్యాహ్నానికి అక్కడికి చేరాను. ఆ ఇంటి కోడలు లోపలికి రమ్మంది. ముసలమ్మ మంచం మీద గోడకానుకుని కూర్చుని ఉంది. బాగా వంగిపోయింది గానీ చూపు సూటిగానే ఉంది. పాటల్లో ఆడవాళ్లు లేరని రాసింది నేనేనని చెప్పాను. ఒక పక్కే విన్నానని, అతను ఎవరి గొంతూ తీయలేదని, కంపెనీకి పోయిందీ ఇదేనని చెప్పాను.  ప్లేయరు మంచం మీద పెట్టి మొదటి పాట నొక్కాను.

ఆ స్పీకరు నుంచి అతను అడిగాడు. ఈ స్పీకరు నుంచి వాళ్లు జవాబిచ్చారు. ముసలమ్మ ఈ స్పీకరు వైపు వంగింది. "గిది నేను" అంది. ఇంకో గొంతు వినిపించగానే, "గిది మా తోటికోడలు, సచ్చిపోయింది" అంది. ఒక్కొక్క గొంతూ గుర్తుపట్టి చెప్పింది. పాట అయిపోయింది.

"అయితే వాడు తియ్యలే."

"తియ్యలేదవ్వా."

"మూడుసార్లు వచ్చిండు కొడుకా నా ఇంటికి. వాకిట్ల నిలబడ్డడు. అవ్వా, ఒక్కసారి విను అన్నడు. నేను లోపట్నుంచే నోటికొచ్చింది తిట్టిన. మంచినీళ్లు సుత ఇయ్యలే." చీర కొంగుతో మొహం తుడుచుకుంది. "నన్ను వాని దగ్గరికి తోల్కపో. పోనీ వాన్నే ఒక్కసారి రమ్మను. ముసలిది పిలుస్తున్నదని చెప్పు, వస్తడు."

 ఈసారి మాత్రం తప్పించుకోలేదు.

"లేడవ్వా. రెండేండ్లయితున్నది."

 ఆమె అతని గొంతు వచ్చిన స్పీకరు మీద చెయ్యి పెట్టింది. తర్వాత నా వైపు తిరిగింది. కోపం లేదు, నిజంగానే తెలుసుకుందామని అడిగింది.

"నువ్వు ఉండేది ఇబ్రహీంపట్నమే గద కొడుకా. అప్పట్ల మా ఊరికి బస్సు లేకుండెనా?"

"ఉండెనవ్వా" అన్నాను. "గంటకొకటి ఉండె."